కరెంటు లేని ఆదివారం

మొన్న ఆదివారం పొద్దున పది గంటల వేళ మా ఇంట్లో కరెంటు పోయింది. పోయిందని కూడా ఎవరికీ తెలియలేదు. ఇన్వర్టర్ అందుకుంది, ఫ్యాను తన మానాన తాను తిరుగుతూనే ఉంది, మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తలేదు, మా ఆయన చదువుతున్న పేపరు దించలేదు. ఇన్వర్టర్ మీది చిన్న దీపం రంగు మారడం చూసింది నేనొక్కదాన్నే. చూసి, తుంచబోతున్న చిక్కుడుకాయను చేతిలో అలాగే పట్టుకుని గోడ గడియారం వంక చూశాను. పది దాటి అయిదు నిమిషాలు. ఇన్నేళ్ల తర్వాత కూడా, నల్లగొండలో నా ఇంట్లో నేను కూర్చుని ఉండగా, కరెంటు పోయిన నిమిషాలు భయంభయంగా లెక్కపెట్టుకున్నాను.

నా ఈడు వాళ్లకు కరెంటు కోతల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పోయేది, పోయే వేళ ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండేది, ఆ వేళకు ముందే పిండి రుబ్బుకుని నీళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లం. అప్పట్లో కరెంటు పోతే విసనకర్ర వెతుక్కున్నామే తప్ప భయపడలేదు. అటువంటి దాన్ని, ఒక్క పూట కరెంటు పోయినందుకు వారం రోజులు అన్నం సహించకుండా బతికానంటే మీకు వింతగా ఉండవచ్చు. ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎన్నాళ్లుగానో ఉంది.

మాది కేతేపల్లి దగ్గర. మా అమ్మ మూసీ కాలువ కింది పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి మమ్మల్ని పెంచింది. మాకంటూ చారెడు నేల ఉండేది కాదు. నాన్న చిన్నప్పుడే పోయాడు. మిషన్ హాస్టల్లో చదివి, నల్లగొండలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేసిన మొదటి ఆడపిల్లను మా వాడలో నేనే. డిప్లొమా అయితే వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. పెళ్లయింది, పాప పుట్టింది, ట్యూషన్లు చెప్పాను, జిరాక్సు కొట్టులో కూర్చున్నాను, ఆ సర్టిఫికెట్లు మాత్రం ట్రంకు పెట్టెలో అడుగున అలాగే పడి ఉన్నాయి. తెలంగాణ వచ్చిన ఒకటి రెండేళ్లకు, మా చర్చిలో తెలిసిన ఒకావిడ చెబితే షాద్‌నగర్ అవతల ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకు వెళ్లాను. అప్పటికి నాకు నలభై దాటింది. అంత ఆలస్యంగా దొరికిన ఉద్యోగం మనిషిని ఎలా పట్టుకుంటుందో, మనిషి దాన్ని ఎలా పట్టుకుంటుందో అనుభవించిన వాళ్లకు తెలుస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకున్నారు. ఏడాది పాటు ఏ మచ్చా లేకుండా పనిచేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. మా ఆయన ఆటో నడుపుకుంటూ పాపతో నల్లగొండలోనే ఉండిపోయారు, నేను షాద్‌నగర్‌లో రెండో అంతస్తులో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

అక్కడ తయారయ్యేవి క్రిస్టల్ ఆసిలేటర్లు. గోరంత స్ఫటికపు బిళ్లను అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బాలో బిగించి కరెంటు ఇస్తే అది సెకనుకు కోటి సార్లు కంపిస్తుంది. ఆ కోటి కోటిగానే ఉండాలి, ఇవాళా రేపూ నెల తర్వాతా. టవర్లలో పెడతారని కొందరు, రైలు సిగ్నళ్లలో పెడతారని కొందరు అనేవారు, సరిగ్గా ఎక్కడికి వెళ్తాయో మాకెవరూ చెప్పలేదు. అవి నిలకడగా ఉంటాయో లేదో చూడడం నా పని. ఇరవై నాలుగు పీసుల లాటును ఎప్పుడూ ఒకే వేడి ఉండే పెట్టెలో అమర్చి, ముప్పై రోజులు కరెంటు ఆపకుండా నడిపించి, రోజూ పొద్దున పదింటికి మీట తిప్పుతూ ఒక్కొక్కదాని అంకె కంపనాలు లెక్కపెట్టే కౌంటర్ మీద చూసి రిజిస్టర్లో రాయాలి. కోటి మీద చుక్క తర్వాత రెండంకెలు. రోజుకు చివరి అంకె ఒకటో రెండో కదిలేది, అంతే. ఆదివారమైనా పండుగైనా వెళ్లవలసిందే. ఒక్క రోజు ఖాళీ ఉన్నా, మధ్యలో కరెంటు ఆగినా, కొనేవాళ్లు ఆ ముప్పై రోజులనూ లెక్కలోకి తీసుకోరు.

ఆ గదికి కిటికీ లేదు. రెండు తలుపులు, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకునేది. ఫోను బయట లాకర్లో పెట్టి వెళ్లాలి. లోపల యంత్రాల సన్నటి రొద తప్ప వాన కురిసినా తెలియదు, పొద్దు వాలినా తెలియదు. మొదటి నెల నాకు ఊపిరాడనట్టే ఉండేది. తర్వాత అలవాటు పడ్డాననుకున్నాను గానీ, సాయంత్రం బయటికి రాగానే ఒక్క నిమిషం నిలబడి ఆకాశం చూసుకోకుండా ఏనాడూ గేటు దాటలేదు.

ఆ గేటు దగ్గర కాపలా ఉండే అన్న నారాయణపేట వైపు వాడు. పుట్టుక నుంచీ మగ్గం మీద కూర్చున్న మనిషి, చీరలు అమ్ముడుపోక, కళ్లు మసకబారి ఈ కాపలా పనికి వచ్చాడు. నన్ను చెల్లె అనేవాడు. వచ్చేపోయే వాళ్ల పేరు, వేళ గేటు పుస్తకంలో రాయడం ఆయన పని. ఆ రాత ఎంత పొందికగా ఉండేదంటే ఒక్క అక్షరం గీత దాటేది కాదు.

ఒక లాటు పందొమ్మిదో రోజున, శనివారం సాయంత్రం, లాకరు తీసి చూస్తే ఫోనులో మా అన్నయ్యవి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అమ్మ పొలం గట్టు మీద జారి పడింది, కాలు విరిగింది, నల్లగొండ దవాఖానలో చేర్చారు. నేను నేరుగా మా పెద్దసారు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎక్కడో పెద్ద సంస్థలో రిటైరై వచ్చిన మనిషి, కోస్తా వైపు ఆయన, ఎంత చిన్నవాళ్లనైనా మీరు అనే పలకరించేవారు. రీడింగులు తీయడం తెలిసిన రెండో అమ్మాయి కాన్పుకు వెళ్లి ఉంది.

"మంగళవారం నేను ఇక్కడే ఉంటానమ్మా, ఆ రోజు నుంచి ఎన్ని రోజులైనా వెళ్లండి. ఈ రెండు రోజులూ మాత్రం నాకు తప్పని పెళ్లి ఉంది. మీరు తప్ప ఎవరున్నారు చెప్పండి?" అన్నారు. పండుగ కావడంతో సోమవారం కూడా ఫ్యాక్టరీకి సెలవే. సరే సార్ అన్నాను. రాత్రికి వెళ్లి చూసి తెల్లారేసరికి తిరిగి వచ్చేద్దామనుకున్నాను.

దవాఖానలో మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వరినారు పట్టి పట్టి గరుకెక్కిన చెయ్యి. జీవితంలో నన్నేదీ అడగని మనిషి.

"పోతవా బిడ్డా?" అంది.

"పోనమ్మా," అన్నాను. ఆ రెండు రోజులూ అక్కడే ఉండిపోయాను. సోమవారం కట్టు కట్టాక, హైదరాబాద్ దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి ఇంకో బస్సు పట్టుకుని మంగళవారం పొద్దున్నే గేటు దగ్గర దిగాను. కాపలా అన్న లేచి నిలబడ్డాడు.

"అమ్మకు ఎట్లుంది చెల్లె? మీ అన్న గేటు ఫోన్‌కు గూడ చేసిండు శనారం నాడు, గందుకే తెలిసింది. ఆదివారం, సోమారం నీ పేరు నేను రాసిపెట్టిన. నువ్వేం ఫికర్ జెయ్యకు."

నేను రాయమనలేదు. అయినా ఆ మాట వినగానే నాకు కలిగింది కోపం కాదు, ప్రాణం లేచి వచ్చింది. గబగబా లోపలికి వెళ్లి రిజిస్టర్ తీశాను. పెద్దసారు రావడానికి ఇంకా అరగంట ఉంది. పందొమ్మిది రోజుల గీతలు గ్రాఫు మీద నునుపుగా సాగుతున్నాయి, తర్వాతి రెండు చుక్కలు ఎక్కడ పడతాయో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇరవై నాలుగు పీసులకూ ఆదివారం అంకెలు, సోమవారం అంకెలు కూర్చుని రాసేశాను. ఒక్క అంకె కూడా కొట్టేసి రాయలేదు. అది ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

పదింటికి ఆ రోజు రీడింగులు మొదలుపెట్టాను. మొదటి పీసు అంకె, చుక్క తర్వాతి అంకెల్లో, గీతకు ముప్పై దాకా పైనుంది. పొరపాటు చూశాననుకుని మళ్లీ చూశాను. రెండోది నలభై కిందికి ఉంది. మూడోది, నాలుగోది, ఇలా ఇరవై నాలుగూ ఎటో ఒకవైపు జరిగి ఉన్నాయి. అప్పుడు తల ఎత్తి గోడ మీది ఉష్ణోగ్రత యంత్రం వంక చూశాను. అది కరెంటుతో పని లేని పాత యంత్రం, కీ ఇస్తే వారం రోజులు తిరుగుతూ గుండ్రటి కాగితం మీద పెట్టె వేడిని ఎర్ర సిరాతో గీస్తుంది. ఆ ఎర్ర గీత ఆదివారం పొద్దున తొమ్మిది దాటాక, పెట్టె చల్లబడినట్టు, లోపలికి జారిపోయి, ఒంటిగంట తర్వాత మళ్లీ పైకి లేచింది.

బయటికి వచ్చి అన్నను అడిగాను. ఆదివారం కరెంటు పోయిందా అని.

"పోయింది గద చెల్లె. లైన్ మీద కొమ్మ పడ్డదట. జనరేటర్ ఎక్కలే, మెకానిక్‌కు ఫోన్ కొడితె ఒంటిగంటకొచ్చిండు. ఏం, ఏమైంది?"

ఏం లేదన్నాను. ఆదివారం పొద్దున పదింటికి ఆ భవనంలో ఒక్క బల్బు వెలగలేదు, కౌంటర్ మీద ఒక్క అంకె లేదు. నా రిజిస్టర్లో మాత్రం ఇరవై నాలుగు అంకెలు చుక్కలతో సహా వరుసగా ఉన్నాయి.

ఆ క్షణంలో పెద్దసారు దగ్గరికి వెళ్లి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. వెళ్లలేదు. వారానికొకసారి ఆ గుండ్రటి కాగితం మార్చడం నా పనే, మార్చే రోజు కూడా అదే. దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని కొత్తది తగిలించాను. అంతటితో అయిపోలేదు. ఆ రోజు నిజం అంకెలు రాస్తే గ్రాఫులో ఇరవై నాలుగు గీతలూ ఒక్కసారి మెట్టు ఎక్కినట్టు కనిపిస్తాయి. అందుకని ఏ పీసు ఎంత జరిగిందో ఒక చీటీ మీద రాసుకుని, ఆ మేరకు తీసేసో కలిపో రిజిస్టర్లో ఎక్కించడం మొదలుపెట్టాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎందుకూ పనికిరాని లాటును మంచిదని చూపడానికి రోజూ ఇరవై నాలుగు అబద్ధాలను శ్రద్ధగా, చుక్క తర్వాత రెండంకెల వరకు లెక్క కట్టేదాన్ని. సెలవు ఇస్తానన్న పెద్దసారు ఇప్పుడు వెళ్లమన్నా వెళ్లలేని స్థితి నాది. ఇంకొకరు వచ్చి ఒక్క రోజు రీడింగు తీసినా అంతా బయటపడుతుంది. రెండు తలుపుల గదిలో నన్నెవరూ తాళం వేయలేదు, నేనే వేసుకున్నాను. ముప్పయ్యో రోజు సంతకం పెడితే ఆ డబ్బాలు వెళ్లిపోతాయి. ఏ సిగ్నల్లోకి, ఏ టవర్లోకి అన్నది తలుచుకుంటే నోటి దగ్గరి ముద్ద పళ్లెంలో పెట్టేసేదాన్ని.

నేను రాలేనన్నానని మా అన్నయ్య ఆ వారంలోనే శనివారం అమ్మనే కిరాయి కారులో షాద్‌నగర్ తీసుకొచ్చాడు. పత్తి ఏరే రోజులు, వదినా తనూ ఇద్దరూ కూలికి వెళ్లకపోతే గడవదు. కట్టుతో ఉన్న అమ్మను ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి రెండో అంతస్తుకు మోశారు. పుట్టి బుద్ధెరిగి నేల మీద తప్ప ఉండని మనిషి. అన్నం, నీళ్లు పక్కన పెట్టి, దొంగల భయానికి బయట తాళం వేసి, రెండో తాళంచెవి ఇంటివాళ్ల ఆవిడకు ఇచ్చి వెళ్లేదాన్ని.

"గంప కింద కోడిని కమ్మినట్టు కమ్మిపోతున్నవు గదే," అంది మొదటి రోజే. కోపంగా కాదు, నవ్వుతూనే. "గీ కిటికిల కెల్లి జూస్తె మన్నే కనవడది."

ఆదివారం ప్రార్థనకు కూడా వెళ్లకుండా రీడింగులు రాసి మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. సాయంత్రం అన్నం కలిపి అమ్మ ముందు పెట్టి, నా పళ్లెంలో కెలుకుతూ కూర్చున్నాను. అమ్మ నన్నే చూస్తోంది.

"పొద్దందాక ఏం జూస్తవ్ బిడ్డా ఆ గదిల?"

"అంకెలమ్మా. మారుతున్నయా లేదా అని."

"మారకుంటే?"

"మారకుంటేనే మంచిది."

"మారనిదాన్ని రోజు జూసుడేంది? మారిననాడు చెప్తె సాలదా?"

నవ్వు రావలసింది. ఏడుపు వచ్చింది. "మారినయమ్మా. నేను చెప్పలే," అన్నాను, ఇక దాచలేక మొత్తం చెప్పేశాను, తనకు అర్థమయ్యే మాటల్లో. అమ్మ కట్టు కట్టిన కాలు వంక చూసుకుంది.

"నా కోసం వచ్చినందుకా గిదంత?"

"నువ్వు రమ్మనలేదు గదమ్మా."

"పోతవా అన్న గద. అన్నదాన్ని నేనే." పళ్లెం నా దగ్గరికి జరిపి, "రేపు చెప్పు. చెప్పకుంటే నీకు బువ్వ దిగది, నువ్వు తినకుంటే నాకు దిగది," అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "మరి ఆ గేటుకాడి ఆయన సంగతేంది?"

"ఆయన పేరు నేను చెప్పనమ్మా."

"నువ్వు చెప్పకుంటే దాగుతదా?"

దాగదని నాకు తెలుసు. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆయన ఎప్పటిలాగే అమ్మ ఎట్లుందని అడిగాడు. అప్పుడైనా ఆగి, అన్నా, నేనివాళ అంతా చెప్పబోతున్నాను అని ఒక్క మాట అని ఉండవలసింది. మంచిగుంది అన్నా అని నవ్వి లోపలికి వెళ్లిపోయాను. ఆగితే ధైర్యం పోతుందని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అలా అనిపించదు. ఆయన వద్దంటే మానేయవలసి వస్తుందని భయపడ్డాను.

పెద్దసారు బల్ల మీద ఆ గుండ్రటి కాగితం, పక్కన నా చీటీ పెట్టాను. ఆయన మడతలను అరచేత్తో సాపు చేసి, లోపలికి జారిన ఎర్ర గీత మీద వేలు పెట్టారు. "ఆదివారం మీరు రాలేదు," అన్నారు.

"రాలేదు సార్. సోమవారం కూడా."

"మరి గేటు పుస్తకం?"

"నేనే రాయమన్నాను సార్."

ఆయన కాపలా అన్నను పిలిపించారు. చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీది కాగితం చూశాడు, నన్ను చూశాడు. ఏం జరిగిందో ఆయనకు అర్థం కావడం నేను చూశాను.

"ఆమె చెప్పలే సారూ. ఆమె తల్లి కాలిరిగి దవాఖానల పడ్డది. నేనే రాసిన. ఆమెకు ఎరుకే లేదు."

పెద్దసారు ఆయన్ను వెళ్లమని సైగ చేసి నాతో అన్నారు. "ఆ శనివారం మిమ్మల్ని పంపకపోవడం నా తప్పేనమ్మా, అది నేను ఒప్పుకుంటాను. పెళ్లి మానేసి ఉండవలసింది. ఈ కాగితం మడతపెట్టి దాచింది మాత్రం మీరు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే తేలికగా ఉండేది. "పీసులు మళ్లీ మొదటి రోజు నుంచి నడవాలి. ముప్పై రోజులూ మీరే చూడండి."

నా ఉద్యోగం పోలేదు. పర్మనెంటు మాట ఇంకో ఏడాది వెనక్కి వెళ్లింది, అంతే. కాపలా అన్న మాత్రం ఆ శుక్రవారం నుంచి గేటు దగ్గర లేడు. కాపలా మనుషులను పెట్టే కాంట్రాక్టరు వేరే చోటికి పంపాడని ఒకరు, మానిపించాడని ఒకరు అన్నారు. పెద్దసారు వాళ్లతో మాట్లాడానన్నారు గానీ, గేటు పుస్తకంలో తప్పుడు రాత రాసినవాణ్ని మళ్లీ పెట్టుకునేలా ఒప్పించలేకపోయారు. కొత్తవాడు నా పేరు రాసుకుంటుంటే ఆ వంకరటింకర అక్షరాలు చూడలేక తల తిప్పుకునేదాన్ని.

ఆ రెండో ముప్పై రోజులూ ఒక్క పూట మానకుండా వెళ్లాను. అంకెలు ఈసారి నిజంగానే నునుపుగా సాగాయి. మధ్యలో ఒక రోజు అమ్మ కట్టు విప్పారు. ఆ తర్వాత ఒక పొద్దున, నేను రెండు తలుపుల వెనక మీట తిప్పుతున్న వేళకు, అమ్మ గోడ పట్టుకుని వరండా చివరి దాకా నడిచి, పిట్టగోడ మీదుగా కింది నేలను చూసి వచ్చిందట. తాళం తీసిన ఇంటివాళ్ల ఆవిడ చెబితే తెలిసింది. తల్లి మళ్లీ తొలి అడుగులు వేయడం నేను చూడలేదు. ఆ నెలాఖరుకు అమ్మను మా ఊళ్లో దించి వచ్చాను.

ఆ కాపలా అన్న ఫోను నంబరు సంపాదించడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది. నిజం చెప్పాలంటే నంబరు ఏడాదిలోపే దొరికింది, చేయడానికి పట్టింది మిగతా కాలం. ఏమేం చెప్పాలో మనసులో వంద సార్లు అనుకుని ఒక మధ్యాహ్నం చేశాను. నా గొంతు వినగానే గుర్తుపట్టాడు.

"చెల్లె! మంచిగున్నవా? అమ్మ నడుస్తాందా?"

నడుస్తోందన్నాను. కొడుకు బట్టల దుకాణం పెట్టాడని, తాను అందులో కూర్చుంటున్నానని చెప్పాడు. ఎండల సంగతి, వానల సంగతి మాట్లాడాడు. నేను అనుకున్న వాటిలో ఒక్క మాట కూడా బయటికి రాలేదు. ఉంటా చెల్లె, గిరాకొచ్చింది అని పెట్టేశాడు. తర్వాత రెండో సారి చేయలేదు. అమ్మ కూడా ఇప్పుడు లేదు.

నేను ఆ పని మానేముందే అక్కడ అంతా మారిపోయింది. రీడింగులు యంత్రమే నిమిషానికొకటి చొప్పున తీసుకుంటోంది, ఎర్ర సిరా గీత పోయి తెర వచ్చింది, కరెంటు పోతే ఎవరి ఫోనులోనో గంట మోగుతుంది. కొత్తగా చేరిన ఆడపిల్లలు శనివారం సాయంత్రం సంచులు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోయేవారు, నన్ను చూసి, మీరు ఆదివారాలు కూడా వచ్చేవారా మేడమ్ అని ఆశ్చర్యపోయేవారు. వాళ్లను చూస్తే సంతోషమే కలిగేది. తల్లి దవాఖానలో ఉంటే వెళ్లడానికి వాళ్లెవరూ అబద్ధం రాయనక్కరలేదు. గేటు దగ్గర పుస్తకం కూడా తీసేశారు. వేలు పెడితే తలుపు తెరుచుకుంటుంది, పెట్టని వాళ్లు రానట్టే లెక్క. అక్కడ కూర్చునే కుర్రవాళ్లు మూణ్నెల్లకొకరు మారుతుంటారు. లోపలికి వెళ్లే మనిషి ఎవరి బిడ్డో, ఆమె తల్లి కాలు ఎట్లుందో వాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. ఆ వేలిముద్ర పెట్టిన ప్రతి సాయంత్రం, అలవాటు కొద్దీ బయట ఒక్క నిమిషం ఆకాశం వంక చూస్తూ నిలబడి, ఎవరైనా అమ్మ గురించి అడుగుతారేమోనని కాసేపు ఆగేదాన్ని.